ఎండిన గొట్టంలో చక్రాలు

నీళ్ళ గొట్టాల్లో మా అల్లుడు బిగించే చక్రాలు అరచేతిలో ఇమిడేంతే ఉంటాయి. నీళ్ళు పారితే తిరుగుతాయి. ఆ తిరుగుడుకి పుట్టిన కరెంటుతోనే పక్కనున్న డబ్బా ఫోనుకి కబురు పంపుతుంది. బ్యాటరీ లేదు, తీగా లేదు. నీళ్ళు తమ కబురు తామే చెప్పుకుంటాయంటే నాకు భలే వింత.

ఆ మధ్యాహ్నం మూడో చక్రం మొరాయించింది. మనిషి పాకేంత పెద్ద గొట్టం అది. నీళ్ళు కట్టేశాక, లోపలికెళ్ళే మనిషే వాల్వు తిప్పే పిడిని నడుముకు కట్టుకుని వెళ్తాడు, బయటివాళ్ళు పొరపాటున తిప్పకుండా. అల్లుడి ఒంటికి కట్టిన తాడు కొస మా అమ్మాయి పట్టుకుంది. అల్లుడు పిడి నడుముకు కట్టుకుని, ఫోను నాకిచ్చాడు.

"అరవై ఏళ్ళకి అక్షరాలు నేర్చారుగా అత్తయ్యా, ఇవాళ మీదే ఉద్యోగం," అని నవ్వి, పాకుతూ వెళ్ళిపోయాడు.

గొట్టంలోంచి తుప్పు వాసన వస్తోంది.

ఫోను గుర్రుమంది. కూడబలుక్కుని చదివాను. తొమ్మిది తిరుగుతోంది.

తొమ్మిదంటే అవతలి కొస.

"బాబాయ్, నీళ్ళు వదిలావా!" మా అమ్మాయి కేకేసింది.

"పిడి మీ ఆయన దగ్గరుంటే నేనెలా వదుల్తానమ్మా, పళ్ళతోనా?" వాల్వు దగ్గరి ముసలాయన నవ్వాడు.

ఎనిమిది. ఏడు.

చెవి పెట్టి విన్నాను. నీళ్ళ చప్పుడే లేదు. మరి వాటిని తిప్పుతున్నదేమిటి?

"వచ్చెయ్ నాయనా!"

"ఒక్క మర మిగిలింది అత్తయ్యా!" లోపల్నుంచి గొంతు.

ఆరు. ఐదు. ఒక్కోటీ అతని వైపే...

ఇద్దరం తాడు లాగాం. రాలేదు. అరచేతులు చీరుకుపోయాయి. పెళ్ళై ఏడాది నిండని పిల్ల, గొట్టానికి కాళ్ళు తన్నిపెట్టి, ఏడుస్తూ లాగింది.

నాలుగు.

తాడు ఒక్కసారిగా వదులైంది.

అల్లుడు బయటికొచ్చాడు. ఒంటిమీద నీటి చుక్క లేదు. మా అమ్మాయి వాటేసుకుంది.

"ఏంటండీ, ఇంత చల్లగా ఉన్నారు..."

అతను, పరిగెత్తుకొచ్చిన ముసలాయన చేతిలో పిడి పెట్టాడు. "హమ్మయ్య, ఊళ్ళో జనం నీళ్ళకి కాచుకున్నారు," అంటూ ఆయన వాల్వు దగ్గరికి వెళ్ళాడు.

ఫోను గుర్రుమంది.

మూడు తిరుగుతోంది. ఆగింది. మూడు తిరుగుతోంది. ఆగింది... ఎవరో వేలితో తిప్పుతున్నట్టు. లోపల్నుంచి పిలుస్తున్నట్టు.

వాల్వు వైపు ఇనుము కిర్రుమంది.

"ఆగ..." అంటూ తలెత్తాను.

అమ్మాయి భుజం మీంచి అల్లుడు నన్నే చూస్తున్నాడు. వద్దన్నట్టు, మెల్లగా తల అడ్డంగా ఊపాడు.