నెలాఖరుకి మిగిలిన గంటలు

గోరింక కింద ఫోను ఎత్తింది. మేడ మీద బొమ్మలాయన తల పట్టుకున్నాడు.

ఈ రెండింటికీ సంబంధం ఉందని గోరింకకు అప్పటికి తెలియదు. ఆమె మావయ్య ఇంటికి వచ్చి నాలుగు రోజులే అయింది. దగ్గర్లోని కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం దొరికింది కాబట్టి అమ్మానాన్నలు ఇక్కడికి పంపారు. గోరింక అన్న పేరు మావయ్య పెట్టిందే. నోరు ఊరుకోదని ఆయన ముద్దుగా పిలిస్తే, ఇంటిల్లిపాదికీ అదే అలవాటైంది.

బాగానే ఉన్నానని అమ్మకు చెబుదామని హాల్లో ఫోను తీస్తే, కీచుమంటూ బుసకొడుతూ ఏవేవో చప్పుళ్ళు. పాడైందనుకుని టపటపా నాలుగుసార్లు నొక్కింది. వెంటనే మెట్ల మీద దడదడమని అడుగుల చప్పుడు. గుమ్మంలో ఒక పొడుగాటి మనిషి ప్రత్యక్షమయ్యాడు. వేళ్ళ నిండా ఇంకు మరకలు, కళ్ళు చికిలించి చూస్తున్నాడు.

"ఫోను ఎత్తింది మీరేనా?"

"ఎత్తకూడదా? ఇది మా మావయ్యగారి ఫోను."

"నా కప్ప పోయిందండీ," అన్నాడతను నీరసంగా.

గోరింక గబుక్కున కాళ్ళు కుర్చీ మీదకు లాక్కుని నేలంతా వెతికింది.

అత్తయ్య వంటింట్లోంచి నవ్వుకుంటూ వచ్చి సంగతి విప్పి చెప్పింది. మేడ మీద గదిలో అద్దెకుండే ఈ అబ్బాయి బడి పిల్లల సైన్సు పుస్తకాలకు బొమ్మలు వేస్తాడు. కప్ప పొట్ట కోసినట్టూ, గుండె నిలువునా చీల్చినట్టూ అచ్చం వేస్తాడు. వేసినవాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంటర్నెట్‌లో వేరే ఊళ్ళో ఉన్న పబ్లిషరుకు పంపుతాడు. పైనా కిందా ఉన్నది ఒకటే ఫోను లైను. ఆ బొమ్మ వెళుతుండగా కింద ఎవరైనా ఫోను ఎత్తారంటే అంతా మొదటికొస్తుంది.

"ముప్పావు వంతు వెళ్ళిపోయింది," అన్నాడతను.

"అయితే మిగతా పావు పంపెయ్యండి."

"అలా కుదరదండీ. మళ్ళీ తల దగ్గర్నుంచీ పంపాలి."

గోరింకకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే క్షమించమంది. ఆ వెంటనే, అలా చికిలించి చూస్తున్నారంటే మీకు కళ్ళజోడు కావాలి, ఒకసారి మా షాపుకి రండి అని కూడా అనేసింది. అతను ముఖం గంటు పెట్టుకుని మేడెక్కాడు.

అయినా రెండు రోజులకు షాపుకి వచ్చాడు. పరీక్ష గదిలో కళ్ళు చూసే పెద్దాయన నంబరు రాసిచ్చాక, ఫ్రేము సరిచేసి ముఖానికి పెట్టే పని గోరింకది. చెవుల వెనక వేళ్ళతో సర్ది, ఇప్పుడెలా ఉందని అడిగింది. అతను గోడ మీద అక్షరాలు చూడాల్సింది పోయి ఆమెను చూశాడు. బాగా కనిపిస్తోందన్నాడు. గోరింక ఆ పూటంతా ఎవరి అద్దాలు ఎవరి డబ్బాలో పెడుతోందో తెలియకుండా తిరిగింది.

అప్పట్లో ఇంటర్నెట్టంటే నిమిషాల మీద నడిచేది. జనం ఉత్తరం ముందే రాసి సిద్ధంగా ఉంచుకుని, లైను కలవగానే పంపి, ఊపిరి బిగబట్టి కట్ చేసేవారు. ఉన్నట్టుండి కంపెనీవాళ్ళు కొత్త ప్యాకేజీలు తెచ్చారు. నెలకు ఇన్ని గంటలని ఒక మూట. డబ్బు ముందే కట్టాలి. గంటల్ని ఎప్పుడైనా వాడుకోవచ్చు. నెలాఖరుకు మిగిలినవి మాత్రం మురిగిపోతాయి.

వీధి వీధంతా అట్టుడికిపోయింది. మందుల షాపాయన చిన్న మూట కొని, ఎక్కడ అయిపోతుందోనని కంప్యూటరు మీద దుప్పటి కప్పి ఉంచాడు. ట్యూషన్ టీచరమ్మ పెద్ద మూట కొని, ఎక్కడ మురిగిపోతుందోనని పొద్దస్తమానం దాని ముందే కూర్చుంది. ఆ నెల్లో ఆవిడ భర్త వంట నేర్చుకున్నాడు. దర్జీ తన గంటలు కొన్ని తమ్ముడికి ఇచ్చుకుంటానని వెళితే కుదరదన్నారట. నేను కొన్న గుడ్డ నేను ఎవరికైనా ఇచ్చుకుంటాను కదా అని ఆయన కౌంటరు ముందు పెద్ద గొడవే పెట్టుకున్నాడు.

ఇక మావయ్య సంగతి. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. మూటగట్టి అమ్మేది ఏదైనా సరే ఆయనకు ముందు అనుమానం వస్తుంది. గంటంటే నిండు గంటేనా అని కౌంటర్లో అమ్మాయిని అడిగారు. ఆ అమ్మాయి నవ్వితే, నవ్వకుండా మళ్ళీ అడిగారు. ప్యాకేజీ మొదలైన రోజు చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని, నిండు గంట సేపు కూర్చుని పరీక్షించారు. తేడా లేదని తేలాక ఆయన కాస్త నిరుత్సాహపడ్డారు కూడా.

ఆయన ఈ ప్యాకేజీ కొన్నది ఇద్దరి కోసం. బొమ్మలాయనకు బొమ్మలు పంపుకోవాలి. గోరింక కంటి పరీక్షల కోర్సులో చేరింది, దాని పాఠాలన్నీ ఇంటర్నెట్‌లోనే. ఆ పరీక్ష ప్యాసైతే షాపులో అద్దాలు తుడవడం తప్పి, పరీక్ష గదిలో కూర్చోవచ్చు. హాల్లో ఆమెకొక పాత కంప్యూటరు కూడా అమర్చారు. కానీ ఒక షరతు పెట్టారు.

"ఒక్క నెల చూస్తాను. గంటలు మిగిలాయంటే మనకు అక్కర్లేదన్నమాట, రద్దు చేసేస్తాను. వాడని సరుకుకి డబ్బు కట్టే అలవాటు నాకు లేదు."

బొమ్మలాయనకు ఆ షరతు విలువ తెలుసు. వచ్చే నెల నుంచి బొమ్మలు ఇంటర్నెట్‌లో తప్ప తీసుకోమని పబ్లిషరు చెప్పేశాడు. ఇక్కడ ప్యాకేజీ పోతే, అది ఉన్న ఇల్లు వెతుక్కుని వెళ్ళిపోవాల్సిందే.

గంటలు పంచుకోవడానికి మెట్ల మీద కూర్చుని ఇద్దరూ బేరాలాడారు.

"సగం సగం," అంది గోరింక.

"నాకు సగం చాలదండీ. ఒక్క బొమ్మ వెళ్ళడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలీదు."

"కప్పని కాస్త చిన్నది గీయండి."

అతను మొదటిసారి పైకి నవ్వాడు. చివరికి సగం సగమే ఖాయమైంది. ఆ తర్వాత కూడా ఏదో వంకతో ఆ మెట్ల మీద ఇద్దరూ రోజూ సాయంత్రం కూర్చునేవారు.

ప్యాకేజీ మొదలైన రెండో రోజున గోరింక ఫోను తీస్తే మేడ మీద అతను మాట్లాడుతున్నాడు. వినకూడదని తెలుసు. కానీ అవతలి గొంతులోని కోపానికి ఫోను పెట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ రోజు కప్ప బొమ్మ కోసం ప్రెస్సు ఆపుకుని కూర్చున్నామనీ, ఇంకోసారి ఆలస్యమైతే వేరేవాళ్ళని చూసుకుంటామనీ పబ్లిషరు చెడామడా తిడుతున్నాడు. కింద ఎవరో ఫోను ఎత్తారని ఒక్క మాట అంటే సరిపోయేది. అతను అనలేదు.

"పొరపాటు నాదేనండీ," అన్నాడు.

గోరింక మెల్లగా ఫోను పెట్టేసింది. సిగ్గుగా అనిపించింది, దానికంటే ఎక్కువగా అతని మీద అభిమానం పొంగుకొచ్చింది. ఇక ఈ నెల గంటలన్నీ అతనికే వదిలెయ్యాలని అప్పుడే నిర్ణయించుకుంది. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనం డబ్బా గబగబా ఖాళీ చేసి, షాపు వెనక వీధిలో ఉన్న నెట్ సెంటరుకి పరిగెత్తి అక్కడ పాఠాలు చదువుకునేది. ఇంట్లో లైను కలపకుండా ఊరికే కంప్యూటరు పెట్టుకుని, కాగితం మీద రాసుకొచ్చిందే తిరగేస్తూ కూర్చునేది. అత్తయ్య పాపం పిల్ల చదువుతోందని అడక్కుండానే కాఫీ ఇచ్చేది.

ఒక మధ్యాహ్నం నెట్ సెంటరు నుంచి బయటికి అడుగు పెట్టేసరికి వాన దంచికొడుతోంది. ఎదురుగా కొరియర్ ఆఫీసు చూరు కింద బొమ్మలాయన నిలబడి ఉన్నాడు. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళజోడు తుడుచుకోవడానికి చొక్కా మీద పొడిగా ఉన్న చోటే లేదు. వీధికి అటు అతను, ఇటు ఆమె, మధ్యలో వాన. గోరింకకు ఆ క్షణాన ఆ వాన ఎంతకీ వెలవకపోతే బాగుండుననిపించింది. అతను చటుక్కున వీధి దాటి వచ్చాడు.

"మీరేంటి ఇక్కడ?" అన్నారిద్దరూ ఒకేసారి.

ఊరికే, వానలో నడుద్దామని వచ్చానన్నాడతను. నేనూ ఊరికేనంది గోరింక. అతను ఆమె తల పైనున్న నెట్ సెంటర్ బోర్డు చదివాడు. మళ్ళీ ఆమె వైపు చూశాడు. అతని ముఖంలో నవ్వు చప్పున ఆరిపోయింది. పనుందని చెప్పి ఆ వానలోనే వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి అతను మెట్ల మీదకు రావడం మానేశాడు. పలకరిస్తే ఆఁ, ఊఁ అంటాడు. తన వల్ల ఏం తప్పు జరిగిందో గోరింకకు ఎంత తలబద్దలు కొట్టుకున్నా అంతుపట్టలేదు. గోరింక నోరు మూగబోయిందేమిటని మావయ్య వైద్యుడి దగ్గరికి కూడా తీసుకెళ్ళబోయారు. అతనంటే తనకు ఇంత ఇష్టమని, అతను మాట్లాడడం మానేశాకే ఆమెకు తెలిసింది.

నెల ఆఖరి రోజున మావయ్య కంపెనీ ఆఫీసుకు వెళ్ళి వచ్చారు. వస్తూనే హాల్లో కూర్చుని, మేడ మీది అబ్బాయిని కూడా పిలవమన్నారు.

"ఎన్ని మిగిలాయని అడిగితే ఆ కౌంటర్లో అమ్మాయి నమ్మలేక రెండుసార్లు చూసింది. మూట మూటలాగే ఉందట. నేను పరీక్ష చేసిన గంటా, మొదటి రెండ్రోజుల్లో ఏదో కాస్తా తప్ప ఏమీ ఖర్చు కాలేదు. ఈ ఇంట్లో ఇంటర్నెట్ ఎవరికీ అక్కర్లేదని తేలిపోయింది. రేపే రద్దు చేయించేస్తాను."

గోరింక తెల్లబోయి బొమ్మలాయన వైపు చూసింది. అతను తల వంచుకుని, మంచిది బాబాయిగారూ, నేను వేరే ఇల్లు చూసుకుంటానన్నాడు. ఆ మాటతో ఆమె ఇక ఆగలేకపోయింది.

"మీరెందుకు వాడలేదు? నేను గంటలన్నీ మీ కోసమే వదిలేశాను కదా. రోజూ అన్నం సగంలో లేచి నెట్ సెంటరుకి పరిగెత్తాను."

అతను తడబడుతూ అన్నాడు, "పాఠాల కోసమా మీరక్కడికి వెళ్ళింది? ఇంట్లో ఇంటర్నెట్ పెట్టుకుని బయటికి వెళుతున్నారంటే, ఇంట్లో తెలియకుండా మీరు మాట్లాడే మనిషెవరో ఉన్నారనుకున్నాను."

"మరి మీరు కొరియర్ ఆఫీసు దగ్గరేం చేస్తున్నారు?"

"బొమ్మలు పంపుతున్నాను. ఈ నెల దాకా తీసుకుంటామన్నారు కదా. మీ పరీక్ష దగ్గరపడింది, గంటలు చాలవని పిన్నిగారు అన్నారు. అందుకని..."

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికో కన్నీళ్ళు దాచుకోవడానికో ఆవిడకే తెలియదు. మావయ్య మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"నా సర్వీసంతా తక్కువ తూచేవాళ్ళని పట్టుకోవడంతోనే గడిచిపోయింది," అన్నారు చివరికి. "తన వాటా కూడా ఎదుటివాళ్ళ తట్టలో వేసేవాళ్ళని ఇన్నాళ్ళకి, అదీ నా ఇంట్లోనే చూస్తున్నాను. ఇద్దరూ కలిసి నా ప్యాకేజీ ముంచారు. ఏమయ్యా, మా పిల్లంటే ఇష్టమేనా? తూకం లేకుండా చెప్పు."

బొమ్మలాయన గోరింక వైపు తిరిగాడు.

"ఇష్టం. చాలా ఇష్టం. మీరు నెట్ సెంటర్లో ఇంకెవరి కోసమో ఉన్నారనుకున్న రోజు నుంచి ఒక్క బొమ్మ సరిగ్గా రాలేదు. గుండెకి కుడివైపు వేయాల్సింది ఎడమవైపు వేశాను."

"నాక్కూడా," అంది గోరింక. ఎప్పుడూ గలగలమనే మనిషికి ఆ ఒక్క మాట దాటి ఇంకేమీ దొరకలేదు.

ఆ సాయంత్రమే మావయ్య చెల్లెలికి ఫోను చేశారు. నువ్వు మెచ్చిన మనిషైతే మేం వంక పెట్టేదేముంది అన్నయ్యా అని గోరింక తల్లి అక్కడే ఏడ్చేసింది. ఆమె పరీక్ష అయ్యాక పెళ్ళి అనుకున్నారు. ఇవాళ్టితో మురిగిపోయే గంటలు ఇప్పుడైనా వాడండని మావయ్య ఇద్దరినీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. లైను కలిసింది. ఏం చూద్దామని అతను అడిగాడు. ఆమెకు ఒక్కటీ తోచలేదు, అతనికీ తోచలేదు. తెర వైపు చూడకుండానే కబుర్లలో పడ్డారు. ఇలాంటి మనిషి తనకు ఎదురుపడేలా చేసినందుకు ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియక, గోరింక ఆ మాట అతనికే చెప్పేసింది. నేనూ అదే అనుకుంటున్నానన్నాడతను.

మర్నాడు ప్యాకేజీ కొనసాగించడానికి మావయ్య వెళుతూ గోరింకను కూడా వెంటబెట్టుకెళ్ళారు. ఆఫీసు నిండా జనం. పోయిన గంటలు వెనక్కి ఇమ్మని కొందరు, గంటలు చాలలేదని కొందరు కౌంటర్లో అమ్మాయిని కాల్చుకు తింటున్నారు. మావయ్య వంతు వచ్చేసరికి ఆ అమ్మాయి తల కూడా ఎత్తలేదు.

"మీ కంప్లయింటు ఏంటి సార్?"

"కంప్లయింటు కాదమ్మా. థాంక్స్ చెబుదామని వచ్చాను."

ఆ అమ్మాయి తలెత్తింది. నెలంతా తిట్లు తిన్న మనిషి కదా, ఇందులో ఏ వెటకారం ఉందోనని అనుమానంగా చూసింది. "మీ గంటలన్నీ మురిగిపోయాయి కద సార్," అంది.

"అన్నీ పోయాయి. అవి అలా మిగిలిపోబట్టే మా మేనకోడలికి పెళ్ళి కుదిరింది. మీ కంపెనీ చల్లగా ఉండాలి."

గోరింక ముఖం కందిపోయింది. కౌంటర్లో అమ్మాయి ఆమెను చూసి మనసారా నవ్వి, చెయ్యి చాచి అభినందనలు చెప్పింది. క్యూలో గొడవ కాస్త సద్దుమణిగింది. వెనక నుంచి ఒక పెద్దాయన మావయ్య భుజం మీదుగా ముందుకు వంగి, మా ఇంట్లో కూడా పెళ్ళికి ఎదిగిన అబ్బాయి ఉన్నాడు, మీరు తీసుకున్న ప్యాకేజీ ఏదో కాస్త చెబుతారా అని అడిగాడు.