బర్కిలీ ఓడ బిడ్డలు

ఫిజీ రాజధాని సువా, 1999. రేవులో ఓడలకు దారి చూపే దీపాల ఇంజనీరు బిజయ్ కారు తలుపు తీస్తూనే కూలిపోయాడు. సైలెన్సర్ బిగించిన తుపాకీ. పక్కనే పళ్ళమ్మే ఆమెకు కూడా చప్పుడు వినపడలేదు.

గూఢచారి శాఖ చీఫ్ సర్లా వెంటనే ఏజెంట్ సత్యేంద్రను పిలిపించింది.

"లంబాసా నుంచి ఫెర్రీ ఈ సాయంత్రం వస్తోంది. ఓ విదేశీ ముఠా గుట్టు తెలిసిన సాక్షి అందులో ఉన్నాడు. దారిదీపాలు ఆరితే ఫెర్రీ పగడపు దిబ్బకి కొట్టుకుంటుంది. దీపాల కంప్యూటర్లో ముఠా దొంగ కోడ్ పెట్టింది. బిజయ్ కనిపెట్టాడు. చచ్చాడు."

సత్యేంద్ర గుమ్మం వైపు పరుగెత్తాడు. అదే ఫెర్రీలో వాళ్ళ అవ్వ వస్తోంది.

కంట్రోల్ రూముకి అతనికంటే ముందే కామిని వచ్చింది. ఎర్ర సిల్కు చీర, దానికి తగ్గ లిప్‌స్టిక్. అదే శాఖ ఏజెంటు. ఇద్దరి ముత్తాతలూ గిర్మిట్, అంటే ఒప్పంద, కూలీలుగా ఒకే ఓడలో ఫిజీకి వచ్చారు. అలాంటివాళ్ళను జహాజీలంటారు. ఆ వరస రక్తసంబంధానికి తీసిపోదు.

"మెయిన్ మెషీన్ నడిచేది ఫ్రీబీఎస్‌డీ సిస్టమ్ మీద, అది ఖరాబైంది. బ్యాకప్ నెట్‌బీఎస్‌డీ, వేరే ఖాందాన్, దాని రోగం దీనికి అంటదు. నేను చెక్ చేశాను. దాని మీదికి మార్చెయ్ భైయా, ఫికర్ నై కరో."

భైయా అన్నాక ఇంకేం అనుమానం? మార్చేశాడు. జన్మలో అంత బుద్ధితక్కువ పని చెయ్యలేదు.

కిటికీలోంచి ఫెర్రీ కనపడుతోంది. మనసు ఊరుకోక బ్యాకప్‌లో నెట్‌వర్క్ డ్రైవర్ ఫైలు తెరిచాడు. పైన అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ పాత కాపీరైట్ నోటీసు. ఇందాక మార్చేముందు మెయిన్ మెషీన్ ఫైల్లోనూ ఇదే చూశాడు! రెండూ బర్కిలీ కోడ్ నుంచి చీలిన అన్నదమ్ములు. ఒకదానికి కుట్టిన చొక్కా కాస్త సవరిస్తే రెండోదానికీ పడుతుంది. కిందికి చూశాడు. బిజయ్ కనిపెట్టిన దొంగ లైన్లే, ముఠా ఇక్కడా అతికించింది.

ఇవీ జహాజీలే!

గిరుక్కున తిరిగాడు. కామిని లిప్‌స్టిక్ మూత తిప్పింది. అందులోని ట్రాన్స్‌మీటర్ ముఠాకి సిగ్నల్ పంపింది. ముఠా నెట్‌వర్క్ గుండా దొంగ కోడ్‌ని లేపింది. సముద్రం మీద దీపాలన్నీ ఆరిపోయాయి.

సత్యేంద్ర రెండు మెషీన్ల నెట్‌వర్క్ కేబుళ్ళూ పీకి పారేశాడు. దీపాలు వెలిగించే కమాండ్ కొట్టాడు. దీపాలు వెలిగాయి. ఫెర్రీ దిబ్బను ఒరుసుకున్నంత దగ్గరగా వచ్చి మలుపు తిరిగింది.

పారిపోబోయిన కామినికి గుమ్మంలో, ఆరిన దీపాలు చూసి పరుగెత్తుకొచ్చిన సర్లా పిస్తోలు ఎదురైంది.

"నన్ను పట్టిస్తావా భైయా?"

"బిజయ్ నిన్ను దీదీ అనేవాడు, అతన్ని ముఠాకి పట్టించావుగా," అన్నాడు సత్యేంద్ర. భైయా అన్న పిలుపుని నమ్మినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

రేవులో అవ్వ సంచీతో దిగింది.

"కామిని రాలేదా సత్యా? మన జహాజు పిల్ల కదా, రోటీ తెచ్చిన."

"ఆమె కొన్నాళ్ళు సర్కారు భోజనం తింటుంది అవ్వా. ఆ రోటీ ఇటివ్వు."