నల్లగొయ్యి గట్టున నరసింగరావు ప్రార్థన

నల్లగొయ్యి పేరెత్తితే గరివిడి చుట్టుపక్కల పల్లెల్లో నోటి దగ్గరి ముద్ద నోటి దగ్గరే ఆగిపోతుంది.

ఒకప్పుడు అక్కడ మాంగనీసు తవ్వేవారు. తవ్వుకున్నంత తవ్వుకుని, గొయ్యిని గొయ్యిలాగే వదిలేసి పోయారు. వానలకు నీళ్ళు నిండాయి. ఎంత లోతో ఎవరికీ తెలీదు. చెరువులన్నీ నెర్రెలిచ్చే ఎండల్లో కూడా అందులో నీళ్ళు తగ్గవు. అయినా దాహంతో నాలుక చాచుకున్న గొడ్డు కూడా ఆ నీళ్ళలో మూతి పెట్టదు.

పేట అనే ఊరి నుంచి వలస అనే పక్క పల్లెకు పోయే కాలిబాట ఆ గొయ్యి గట్టు మీదుగానే పోతుంది. పగలైతే పరవాలేదు. చీకటి పడిందంటే మాత్రం... అందులో పోయినవాళ్ళ గురించి ఒక మాట చెప్పుకుంటారు. జారిపడిన గుర్తులు ఉండవట. గట్టు దిగి, తిన్నగా, తీరుబడిగా, ఎవరో పేరంటానికి పిలిస్తే వెళ్ళినట్టు నీళ్ళదాకా అడుగులు ఉంటాయట.

ఆ గట్టు మీద నరసింగరావుకు జరిగింది ఇప్పుడు పేటలో అందరికీ తెలుసు. ఎవరో మోసుకొచ్చిన కబురు కాదు. తన మీద తానే నవ్వుకుంటూ ఆయనే చెప్పుకున్నాడు.

నరసింగరావు కాస్త వరి, కాస్త నువ్వులు పండించే రైతు. బాప్తీస్మం తీసుకుని చాలా ఏళ్ళయింది. పేట ప్రార్థన మందిరానికి సంఘపెద్ద. ఆదివారం సాక్ష్యాల వేళ మైకు ఆయన చేతికి వచ్చిందంటే పాస్టరుగారు గడియారం చూడడం మానేసి కూర్చోవడానికి కుర్చీ వెతుక్కునేవారు.

"సాతానుగాడు నన్ను సూసినాడంటే దారి మార్సీసుకుంటాడు" అనేవాడు నరసింగరావు. మందిరం మీద స్పీకరు వలస వైపు తిరిగి ఉంటుంది. ఆ మాట గొయ్యి దాటి వలస దాకా వినపడేది.

అదే ఆయన కొంప ముంచింది.

వలసలో సోములుకు గుండె జబ్బు. విశాఖ ఆసుపత్రిలో ఆపరేషనుకు తారీకు ఇచ్చారు. ఇంకా ఆలస్యం చేస్తే తమ పూచీ లేదని డాక్టర్లు తెగేసి చెప్పారు. మర్నాడు పొద్దున్నే పాసింజరు రైలుకు వెళ్ళాలి. సోములు మాత్రం మంచం దిగనన్నాడు. బల్ల మీద పడుకోబెట్టి గుండె కోస్తే మళ్ళీ లేవనని అతని భయం. అతను ఏనాడూ మందిరం గడప తొక్కినవాడు కాదు. అతని పెళ్ళాం లక్ష్మణమ్మ మాత్రం ప్రతి ఆదివారం వస్తుంది. ప్రార్థనలో ఎంత గొంతో, కుళాయి దగ్గర పోట్లాటలోనూ అంతే గొంతు ఆవిడది.

"మైకులో అరుస్తాడే ఆ బావ, ఆయనొచ్చి నెత్తి మీద సెయ్యెట్టి ప్రార్థన సేస్తే ఎల్తాను. లేకపోతే నన్ను మోసుకెళ్ళినా ఎల్లను" అన్నాడట సోములు.

ఆ రోజు పొద్దున్నే లక్ష్మణమ్మ ఫోను చేసింది. "ఓస్, దానికేటమ్మా, వస్తాను" అన్నాడు నరసింగరావు. మధ్యాహ్నం చేనికి నీళ్ళు కట్టాలన్నాడు. సాయంత్రం బండి మీద ఎవరైనా తారురోడ్డున చుట్టు తిప్పి దింపుతారేమోనని వీధి అరుగు మీద కూర్చున్నాడు. బళ్ళన్నీ గరివిడి వైపు పోయేవే. ఒక్కటీ వలస వైపు పోలేదు. చూస్తూండగానే చీకటి పడిపోయింది.

భార్య ఈశ్వరికి ఆవిడ దేవుళ్ళు ఆవిడకున్నారు. మొగుడి సాక్ష్యాలన్నీ స్పీకరులో విని విని ఉంది.

"ఏటి, ఎల్తావా? సాతానుగాడు దారి మార్సీడానికి నీకోసం సూస్తన్నాడేమో" అంది.

ఆ మాటతో ఇంక కదలక తప్పలేదు. తెల్లచొక్కా తొడుక్కున్నాడు. గుమ్మం దగ్గర ఆవిడ ఒక నిమ్మకాయ చేతిలో పెట్టబోయింది. నరసింగరావు కళ్ళెర్రజేసి, విశ్వాసికి ఇలాంటివి పనికిరావని చెప్పి, వీధి మలుపు దాకా పోయాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"దారిలో దాహమేస్తే పనికొస్తాది, ఇలా తే" అన్నాడు.

ధైర్యానికి ఫోనులో ఆరాధన పాటలు పెట్టుకుని నడిచాడు. ఊరు దాటేదాకా పాటలు బాగానే వచ్చాయి. గట్టు ఎక్కాడో లేదో చార్జింగు అయిపోయింది. పాటా పోయింది, టార్చీ పోయింది.

ఇక మిగిలింది ప్రార్థన ఒక్కటే.

అక్కడే వచ్చింది చిక్కు. ప్రార్థన అంటే కళ్ళు మూసుకోవాలి. చిన్నపిల్లలకు సండే స్కూల్లో మొదట నేర్పేది అదే. కళ్ళు తెరిచి చేస్తే ఆయనకు మాట రావడం లేదు. మూసుకుంటే దారి కనపడదు. తెరిచి చూశాడు — పక్కన నల్లటి నీళ్ళు, అలికిడి లేదు, ఒక్క కప్ప కూడా అరవడం లేదు. ఆ నీళ్ళను చూస్తూ నడవడం కంటే చూడకుండా నడవడమే మేలనిపించింది.

కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ప్రభువా... నా చెయ్యి పట్టుకుని నడిపించు" అన్నాడు. కుడిచెయ్యి ముందుకు చాచాడు.

ఎవరో పట్టుకున్నారు.

చల్లగా ఉంది. వేళ్ళ మధ్యలోకి వేళ్ళు మెత్తగా దూరినట్టయింది. నరసింగరావుకు ఒళ్ళంతా పులకరించింది. బాప్తీస్మం నాడు ఏటి నీళ్ళలోంచి లేచినప్పుడు కూడా అంత ఆనందం కలగలేదు. ఇన్నేళ్ళ నా ప్రార్థనకు జవాబు వచ్చిందనుకున్నాడు. అడుగు వెనక అడుగు దానంతట అదే పడుతోంది. బాట కొంచెం పల్లంగా అనిపించింది. ప్రభువు దారి కూడా సులువు చేసేస్తున్నాడు కదా అని కళ్ళు మరింత గట్టిగా మూసుకుని స్తోత్రం, స్తోత్రం అంటూ నడిచాడు...

"యేసు నామంలో సెప్తన్నాను — ఒదులు. ఒదిలీసి పో."

పైనుంచి వచ్చింది ఆ గొంతు. ఉరుములా వచ్చింది.

కళ్ళు తెరిచాడు. చేతిలో ఆ చల్లదనం లేదు. గట్టు మీద తెల్లచీర. జుట్టు విరబోసుకుని ఉంది. ఒక చెయ్యి తిన్నగా తనవైపే చాచి ఉంది.

సాతాను దారి మార్చుకుంటాడో లేదో గానీ, నరసింగరావు మార్చేశాడు. తను గట్టు కింద ఎందుకు ఉన్నాడో ఆలోచించలేదు. నాలుగు కాళ్ళ మీద పైకి పాకి, వచ్చిన దారినే పరుగు పెట్టాడు. పేట మొదట్లో కుక్కలు వెంటపడితే వాటిని చూసి ప్రాణం లేచొచ్చింది. కనీసం అవి కుక్కలే కదా అనుకున్నాడు.

ఇంట్లోకి పోయి దుప్పటి కప్పుకున్నాడు. ఈశ్వరి ఏమీ అడగకుండానే నవ్వుకుంటూ కంచం తీసేసింది.

దుప్పటి కింద చెమటలు పోస్తుంటే ఆయనకో అనుమానం వచ్చింది. యేసు నామం ఎత్తింది ఆ దెయ్యం. ఆ నామం విని పారిపోయింది తను. మరి ఇద్దరిలో దెయ్యం ఎవరు?

ఆ అనుమానానికి ఆయనకే నవ్వొచ్చింది. ఆ వెంటనే సోములు గుర్తొచ్చాడు. నవ్వు ఆగిపోయింది. తను వెళ్ళకపోతే ఆ మనిషి మంచం దిగడు. రైలెక్కడు. మైకులో తను కోసిన కోతలు నమ్మి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నాడు. తనేమో దుప్పటి కింద ఉన్నాడు. సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు తలుపు కొట్టారు.

ఈశ్వరి తీసింది. గుమ్మంలో తెల్లచీర. లక్ష్మణమ్మ.

ఆయన ఎంతకీ రాకపోతే, ఉపవాస ప్రార్థనకు కట్టుకున్న చీర కట్టుకున్నట్టే, ఊడిన ముడి ఊడినట్టే, ఆయన్ను తీసుకుపోదామని ఆ గట్టు మీదుగా ఒక్కతే బయల్దేరి వచ్చింది. గట్టు మీది దెయ్యం ఎవరో నరసింగరావుకు తెలిసిపోయింది. చీకట్లో తెల్లచొక్కా చూసి తననే సాతాను అనుకుని గద్దించిందన్నమాట. పోనీలే, పోల్చుకోలేదు, పరువు దక్కింది అనుకున్నాడు.

"నడు అన్నియ్యా" అంది లక్ష్మణమ్మ. "ఇప్పుడు దారికేటీ బయం లేదు."

"గోతి దగ్గర ఏటైనా..." అంటూ నసిగాడు నరసింగరావు.

"రాత్రేల ఆ మాటలొద్దు" అని కొట్టిపారేసింది.

ఆవిడ ముందు, ఆయన వెనక. నల్లగొయ్యి దాటేదాకా ఆవిడ ప్రార్థన చేస్తూనే ఉంది, కళ్ళు తెరుచుకునే. నరసింగరావు మాత్రం ఆవిడ చీరచెంగు మీంచి చూపు తిప్పలేదు.

సోములు మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"బావా, నిజం సెప్పు. నాను మళ్ళీ లెగుస్తానా?"

ఇంకో రోజైతే దానికి గంటసేపు వాక్యం చెప్పేవాడు.

"తెలీదు బావా" అన్నాడు. "నాకూ బయమే."

సోములు తల మీద చెయ్యి పెట్టాడు. "ప్రభువా, ఇక్కడున్నది ఇద్దరు పిరికోళ్ళు. నువ్వు తోడుండు" అన్నాడు. ఇంకేమీ తోచక ఆమెన్ అనేశాడు.

సోములు కాళ్ళు కిందికి దింపాడు.

"ఇది బాగున్నాది. మైకులో సెప్పినట్టు లేదు" అన్నాడు. పెళ్ళాం వైపు తిరిగి, "బట్టలు సర్దు" అన్నాడు.

పొద్దున్నే పాసింజరెక్కాడు. ఆపరేషను అయింది. ఛాతీ మీద కుట్లతో, నీరసంగా, అయినా తన కాళ్ళ మీద తాను నడుస్తూ ఇంటికొచ్చాడు.

ఆ తరవాతి ఆదివారం నరసింగరావు మైకు అందుకున్నాడు. కుక్కతోక వంకర అంటారు కదా. నల్లగొయ్యి సంగతి మొదలుపెట్టాడు. చీకటి చెప్పాడు, నీళ్ళు చెప్పాడు, తను కళ్ళు మూసుకుని చెయ్యి చాచడం చెప్పాడు, ప్రభువే వచ్చి ఆ చెయ్యి పట్టుకోవడం చెప్పాడు. పరుగు సంగతి మాత్రం ఎత్తలేదు. మందిరమంతా స్తోత్రం, స్తోత్రం అని మోగిపోయింది. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

ఆడవాళ్ళ వైపు లక్ష్మణమ్మ ఒక్కతే స్తోత్రం అనలేదు. ఆయన వంకే చూస్తూ కూర్చుంది.

ఆ చూపు నరసింగరావుకు ముల్లులా గుచ్చుకుంది. కూడిక అయిపోయాక ఆవిడ చాపలు చుడుతుంటే దగ్గరికి వెళ్ళాడు. ఎలాగూ తెలిసే ఉంటుంది, తనే ఒప్పుకుంటే పోతుందనుకున్నాడు.

"లక్ష్మణమ్మా, ఆ రాత్రి గట్టు కాడ నువ్వు గద్దించినావే... అది సాతాను కాదమ్మా. నానే. బయమేసి పారిపోయినాను. ఇందాక ఆ ముక్క మింగీసినాను."

లక్ష్మణమ్మ చాప చుట్టడం ఆపింది.

"నువ్వేనని తెలుసు అన్నియ్యా. నీ స్తోత్రం గొంతు నాకు తెలీదేటి? నిన్నెందుకు గద్దిస్తాను?"

"మరి..."

ఆవిడ చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది. ఆ గొంతు అంత తగ్గడం నరసింగరావు ఎప్పుడూ వినలేదు.

"నీ సెయ్యట్టుకుని నీళ్ళలోకి దింపుతన్నాడు సూడు... ఆడిని."

నరసింగరావు తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు.

"పొట్టిగా ఉన్నాడు. ఒళ్ళంతా నీళ్ళు కారతన్నాది. నువ్వేమో కళ్ళు మూసుకుని, నవ్వుకుంటా ఆడి ఎంట ఎల్తన్నావు. ఇంకో రెండడుగులేస్తే..." ఆవిడ ఆ మాట పూర్తి చెయ్యలేదు. చాప చంకన పెట్టుకుంది. "సెయ్యిచ్చినోడెవడో సూసుకోవద్దేటి అన్నియ్యా? కళ్ళు మూసుకుంటే ఎవడి సెయ్యైనా ఒకలాగే ఉంటాది."

ఆ మాట అనేసి ఇంటికి పోయింది, మొగుడికి మందుల వేళయిందని.

ఆ రాత్రి నరసింగరావు లైటు ఆర్పనివ్వలేదు. ఈశ్వరి విసుక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన మంచం పక్కన మోకరించాడు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అలవాటైన మాటే నోటికి వచ్చింది.

"ప్రభువా, నా చెయ్యి పట్టుకుని..."

చప్పున ఆగిపోయాడు. చాచిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

"ప్రభువా... కోపం తెచ్చుకోకు. పట్టుకునే ముందు ఒక్కసారి అరిసెయ్యి సూపించు. సిలవ మేకు గుర్తు సూసుకుంటాను."