ఎదురింటి అడ్రస్

"క్షమించండి. ఈ కారును నేను పిలిచియున్నాను."

మాదాపూర్‌లో వాన పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. రోడ్లు చెరువులవుతాయి, క్యాబులు మాయమవుతాయి, మంచివాళ్ళు చెడ్డవాళ్ళవుతారు. నేనూ ఆ చివరి జాబితాలోకి చేరిపోయి, కనిపించిన క్యాబ్ డోరు లాగి సగం లోపలికి దూరాను. అవతలి డోరులోంచి ఒక అమ్మాయి కూడా సగం దూరి ఉంది. తడిసిన జుట్టు, ముక్కు చివర ఒక వాన చుక్క, కళ్ళ నిండా కోపం. అంత కోపంలోనూ క్షమించమంటోంది.

"పిలిచియున్నారా?" అన్నాను. "ఏ ఊరండీ మీది?"

"మారిషస్."

"జోకు బావుంది. ఓటీపీ చెప్పండి చూద్దాం."

చెప్పింది. డ్రైవర్ తలూపాడు. నా క్యాబ్ ఇంకా ఏ ఫ్లైఓవర్ కిందో ఇరుక్కుని ఉందన్నమాట. ముఖం చిన్నబుచ్చుకుని దిగబోతుంటే ఆమే అడిగింది. "మీరు ఎచ్చటికి వెళ్ళవలెను?"

"మణికొండ వెళ్ళవలెను."

"నా భాషను పరిహసించుచున్నారా?"

"అయ్యో, లేదండీ. మా తాతయ్య కూడా ఇంత చక్కటి తెలుగు మాట్లాడలేదు. అందుకని కాస్త కంగారు."

నవ్వు ఆపుకోలేక కూర్చోమంది. ఆమె పేరు రసజ్ఞ. ముత్తాతల కాలంలో చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళిన కుటుంబం. ఇంట్లో మాట్లాడేది క్రియోల్. తెలుగు బడిలో నేర్చుకుని ఇప్పుడు అదే బడిలో పిల్లలకు చెబుతోంది. "పుస్తకంలోని తెలుగు నాకు వచ్చును. మనుషుల నోట్లోని తెలుగు వినాలని వచ్చాను," అంది. వచ్చింది టూరిస్ట్ వీసా మీద. ఉంటున్నది ఎక్కడయ్యా అంటే, మా అపార్ట్‌మెంట్లో, మా ఎదురు ఫ్లాట్లో!

పద్మావతి ఆంటీ తన ఖాళీ గదిని అతిథులకు అద్దెకిస్తుందని నాకు తెలుసు. ఆ గదిలో ఎవరు దిగారో చూసే తీరిక లేనంతగా ఆఫీసు పని చేస్తున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

అపార్ట్‌మెంట్ గేటు ముందు పెద్ద నీటి మడుగు. రసజ్ఞ కారు దిగబోతూ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"దూకండి, ఏం కాదు," అన్నాను హీరోలాగా.

దూకింది. అయింది.

చీలమండ ఎముకలో సన్న పగులు అన్నాడు డాక్టర్. కట్టు వేసి, కొన్ని వారాలు ప్రయాణాలు వద్దన్నాడు. అంతకుముందే ఆమె వీసా గడువు తీరిపోతుంది.

"మీరే కదా దూకమన్నారు," అంది వీల్‌చైర్లో కూర్చుని.

"మీరు నిజంగా దూకుతారనుకోలేదు."

"పెద్దల మాట వినవలెనని మా పాఠంలో ఉంది."

"పెద్దలా? నాకింకా ఇరవై ఎనిమిదే!"

పద్మావతి ఆంటీ ఇంట్లో ఉన్నవి కింద కూర్చునే బాత్రూములు. మా నాన్న భీమేశ్వరరావు గారి మోకాళ్ళ పుణ్యమా అని మా ఇంట్లో కమోడ్, పట్టుకోవడానికి గోడకి రాడ్డూ ఉన్నాయి. అందుకని రసజ్ఞ రాత్రిళ్ళు మా ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టింది. తెల్లారితే ఎదురింట్లో ఉగ్గాని, మధ్యాహ్నం మా ఇంట్లో పనసపొట్టు కూర, రాత్రికి అక్కడి రాగి సంగటి. మా రెండిళ్ళ తలుపులూ పొద్దున తీస్తే రాత్రికే వేసేది. పప్పు గిన్నె అటు వెళ్తే పెరుగు గిన్నె ఇటు వస్తుంది. మధ్యలో ఉన్న నాలుగు టైల్స్ గళ్ళ వరండాని ఎవరూ ఒక ఎల్ల అనుకోలేదు.

వీసా పొడిగించే పని నేను నెత్తిన వేసుకున్నాను. విదేశీయులు ఎవరింట్లో దిగితే ఆ ఇంటివాళ్ళు ఒక్క రోజులోగా ఆన్‌లైన్లో తెలియజేయాలి. ఇల్లు మారితే కొత్త ఇంటివాళ్ళు కూడా చెప్పాలి. సాఫ్ట్‌వేరు ఇంజినీరుకి ఇదో లెక్కా? మా అమ్మ పేరు మీద మా ఫ్లాట్ నంబరు వేసి పంపేశాను. దానికి డాక్టర్ ఉత్తరం జత చేసి పొడిగింపుకి దరఖాస్తు పెట్టి, కాలర్ ఎగరేశాను.

రసజ్ఞ వచ్చిన రోజునే ఆంటీ కూడా నమోదు చేయించిందని, అది అలాగే తెరిచి ఉందని నాకు తట్టలేదు. సర్కారు వారి లెక్కలో ఒకే మనిషి రెండిళ్ళలో ఉంది. అడ్రస్ తేలడం లేదని, విచారణకు మనిషి వస్తాడని, తేలకపోతే పొడిగింపు ఉండదని మెసేజ్ వచ్చింది.

ఆ సాయంత్రం రసజ్ఞ వరండాలో కుర్చీ మీద కాలు చాపుకుని చాలాసేపు ఆ మెసేజే చూస్తూ కూర్చుంది.

"ఇలా వెళ్ళగొడితే, మళ్ళీ రమ్మంటారా నన్ను?"

"తెలీదు. రికార్డులో మచ్చ పడితే కష్టమే అంటున్నారు."

మాట పైకి అన్నాక ఆమె కుర్చీ వైపు చూశాను. ఈమె రాకపోతే ఈ వరండాలో ఎవరున్నట్టు? ప్రేమలో పడ్డానని నాకు తెలిసింది అప్పుడే.

"రసజ్ఞగారూ, మీ అడ్రస్ గురించి నేనొకటి చెప్పాలి."

ఆమె వేలెత్తింది. "'మీ అడ్రస్ నా గుండె' అని మాత్రం అనకండి. మా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా అట్ల రాయరు."

సరిగ్గా అదే అనబోతున్నాను. మింగేసి, "కాఫీ తాగుతారా?" అన్నాను.

మర్నాడు కానిస్టేబుల్ మహేందర్ వచ్చాడు. వరండా మధ్యలో నిలబడి, ఫైలు తెరిచి అడిగాడు. "గీ బిడ్డ ఎవలింట్ల ఉంటున్నదమ్మా?"

"మా ఇంట్లో!" రెండు గుమ్మాల్లోంచి రెండు గొంతులు.

"ఒక్క మనిషి రెండిండ్లల్ల ఎట్లుంటది? పరేషాన్ చెయ్యకుర్రి. రాత్రి యాడ పంటది?"

"మా ఇంట్లోనేనండీ," అంది మా అమ్మ అమ్మణ్ణి. "చెప్పుకోకూడదు గానీ, సొంత పిల్లలా చూసుకుంటున్నాం."

"గంతే గదా. పద్మావతమ్మా, మీ దాంట్ల 'వెళ్ళిపోయింది' అని కొట్టుర్రి. ఐపాయె."

"నేను కొట్టను," అంది ఆంటీ.

"ఎందుకమ్మా?"

"నా ఇంటికొచ్చిన ఆడపిల్ల, కాలిరిగి కూర్చున్నప్పుడు ఎళ్ళిపోయిందని రాసిస్తే, నేను ఎళ్ళగొట్టినట్ల కాదా? దిష్టి తీసి లోపలికి పిల్చుకున్నా ఈ పాపను. రేపు వాళ్ళమ్మ అడిగితే నేనేం జవాబు చెప్పల్ల?"

"అదేవిటండీ! మేమేదో లాక్కున్నట్టు మాట్లాడతారు?" మా అమ్మ కొంగు బిగించింది.

"లాక్కున్నారనే చెప్తాండా!"

ఇన్నేళ్ళ స్నేహంలో మొదటిసారి ఎదురింటి తలుపు సగం మూసుకుంది. మహేందర్ ఫైలు మూశాడు. "అమ్మా, మీరిద్దరు తేల్చుకోకుంటే నేను రాసేదేం లేదు. తేలలేదని రాస్తే, పాపం, గీ బిడ్డ సామాన్ సర్దుకునుడే."

టక్‌టక్‌మని కర్ర చప్పుడు. రసజ్ఞ కుంటుకుంటూ వచ్చి వరండాలో నిలబడింది.

"పెద్దమ్మా, నేను మీ ఇంటి నుంచి వెళ్ళిపోలేదు. నన్నెవరూ లాక్కోలేదు. రాత్రిళ్ళు ఆ ఇంట్లో ఉన్నది కాలి కోసమే. కానీ..." అంటూ నా వైపు తిరిగింది. "ఆ ఇంటితో నాకు ఇంకే సంబంధమైనా ఉంటే, అది ఉదయ్ భాస్కర్ గారు చెప్పవలెను."

అందరూ నన్నే చూశారు. మహేందర్ పెన్ను క్యాప్ తీశాడు. కష్టపడి తయారు చేసుకున్న డైలాగునేమో ఆమె నిన్ననే రద్దు చేసేసింది.

రసజ్ఞ నాకు మాత్రమే వినిపించేట్టు అంది. "దూకండి, ఏం కాదు."

దూకాను.

"ఆంటీ, నాకు రసజ్ఞ అంటే ఇష్టం. ఈమెని పంపించేస్తారంటే నిన్న రాత్రంతా నిద్రపట్టలేదు. ఈమె ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటాను."

ఎవరి కుక్కరో విజిల్ వేసింది. రసజ్ఞ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు సమ్మతమే. అంటే... పెద్దమ్మా, మనుషులు ఎట్ల అంటారు దీన్ని?"

"ఇష్టమే అంటారు పాపా," అంది ఆంటీ.

"నాకు ఇష్టమే. మా అమ్మకు కూడా రోజూ ఫోనులో ఈయన గురించే చెప్పుచున్నాను."

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ వెంటనే నా భుజం మీద ఒక్కటి వేసింది. "నాకు తెలుసురా! పెసరట్టు వద్దనే వెధవ్వి, ఆ పిల్ల కూర్చుంటే నాలుగు తిన్నావు!"

లోపల్నుంచి నాన్న పేపరు దించకుండానే, "కమోడ్ పెట్టించింది నేను, అది గుర్తుంచుకోండి," అన్నారు.

ఆంటీ కళ్ళు తుడుచుకుని, సగం మూసిన తలుపు బార్లా తీసింది. నడుము మీద చెయ్యేసుకుని నిలబడింది. ఇప్పుడావిడ ఇల్లు అద్దెకిచ్చే మనిషి కాదు, పెళ్ళికూతురి వైపు పెద్ద.

"అట్లయితే ఇంగ పెండ్లయ్యేదాకా పాప పెండ్లికొడుకు ఇంట్లో పండుకునేది లేదు. ఈ పొద్దు నుంచే నా ఇంట్లోనే. పై ఫ్లాట్ సక్కుబాయి దవాఖానలో పన్జేస్తాది కదా, కమోడ్ కుర్చీ ఒకటి తెమ్మని చెప్తా. అమ్మణ్ణిగారూ, 'ఎళ్ళిపోయింది' అని మీరే కొట్టండి."

మహేందర్ ముఖం వెలిగిపోయింది. "గిప్పుడు తేలింది. ఒక్కటే ఇల్లు, ఒక్కటే బిడ్డ!"

అలా నా ప్రేమ ఫలించిన రోజునే, ఆమె మా ఇల్లు విడిచి వెళ్ళిపోయిందని నా చేతులతోనే నమోదు చేశాను. నేను బటన్ నొక్కుతుంటే రసజ్ఞ పక్కనే నిలబడి నవ్వింది.

"బాధగా ఉన్నదా?"

"నాలుగు గళ్ళ దూరం. తట్టుకుంటాను."

పొడిగింపు వచ్చింది. కట్టు విప్పాక ఆమె మారిషస్ వెళ్ళింది. ఆ తర్వాత ఎన్ని కాగితాలు, ఎన్ని ఆఫీసులు, అదంతా చెప్తే ప్రేమకథ కాస్తా గైడు పుస్తకం అవుతుంది. చెరకు కోతలు అయ్యాక అమ్మా నాన్నలనీ, కర్ర పట్టుకుని నడిచే తాతయ్యనీ వెంటబెట్టుకుని వచ్చి ఎదురింట్లో దిగింది. ఒక్క రోజు కూడా ఆలస్యం కాకుండా నలుగురి పేర్లూ ఆంటీయే నమోదు చేయించింది.

పెళ్ళి మర్నాడు గృహప్రవేశం. వరండాకి అటు పక్క ఆంటీ ఒడిబియ్యం పోసింది. ఇటు పక్క మా అమ్మ హారతి పళ్ళెంతో నిలబడింది.

"వదినగారూ, ముహూర్తం దాటిపోతోంది, పిల్లని పంపండి!" అని కేకేసింది మా అమ్మ. మొన్నటిదాకా ఆవిడకి ఈవిడ పద్మావతిగారే.

"ఉండండి వదినా, ఒక పనుంది," అంటూ ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని నన్ను పిలిచింది. "ఉదయా, ఆ ఫోను తెరువు నాయనా. పాప పేరుండే చోటు చూపించు."

చూపించాను. 'వెళ్ళిపోయింది' అన్న చోట ఆవిడ వేలు కాసేపు ఆగింది. రసజ్ఞ వెళ్ళి ఆవిడ భుజం మీద తల ఆనించింది.

"ఎళ్ళగొట్టలేదు పాపా," అంది ఆంటీ. "పంపిస్తాండా."

ఈసారి ఆవిడే నొక్కింది.