ద్రపో అన్నది ఒక్కసారే

కర్నల్‌ను పొద్దున ఎనిమిదింటికి చర్చి మెట్ల మీద కాల్చేశారు. తొమ్మిదిన్నరకల్లా కెప్టెన్ ఫాబ్రెగ్ పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నాడు. తెల్లకోటు తొడుక్కున్న మేజర్ వెసియేర్ ఆ నోట్లోకి వంగి మిషన్ చెప్పాడు. 1942 నవంబరు. జర్మన్లు ఫ్రాన్సులోని పెరిగ్యూలో దిగి నాలుగు రోజులైంది.

"మన ఎతాందార్ నీ దగ్గరేగా?"

"జెండాను చొక్కా కింద ఒంటికి చుట్టుకున్నాను, మేజర్ గారూ."

"అడవిలో మన రౌతులు నలభై ఒక్కమంది దానికోసమే కాచుక్కూర్చున్నారు. అది చేరితే వాళ్ళు మళ్ళీ రెజిమెంటు. జర్మన్లకు చిక్కిందా, బెర్లిన్ మ్యూజియంలో వేలాడుతుంది, మనవాళ్ళు తలోదారి పడతారు. స్టేషన్ క్యాంటీన్‌లో ఓదిల్ నిన్ను కలిసి రైలెక్కిస్తుంది. కానీ కర్నల్ జాడ మనలోనే ఎవరో జర్మన్లకు అమ్మారు. ఈ సూట్‌కేస్ కూడా పట్టుకుపో."

"ఇందులో ఏముంది?"

"కాల్బలం మాజీ సైనికుల సంఘం వాళ్ళ జెండా, ద్రపో. మన రౌతు ఎవడు చూసినా పగలబడి నవ్వుతాడు."

స్టేషన్ క్యాంటీన్‌లో ఎదురుచూస్తున్న ఓదిల్ ఆర్నెల్లుగా వాళ్ళ రహస్య నెట్‌వర్క్‌లో ఉంది. నక్క చర్మం కాలరు, ఎర్రటి పెదవులు, చూపు తిప్పుకోనివ్వని అందం.

"ఈ ఊళ్ళో వాల్‌నట్లు ఇంకా దొరుకుతున్నాయా?" అంది.

"పుచ్చినవే మిగిలాయి," అన్నాడు ఫాబ్రెగ్.

కోడ్ సరిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా నాన్న ఇరవయ్యేళ్ళు మీ డ్రాగూన్ రౌతుల్లోనే చేశారు, కెప్టెన్ గారూ. ఆయన ద్రపోను ఒక్కసారి ముట్టుకోనివ్వండి, చాలు."

ద్రపో అంటే కాల్బలం జెండా. గుర్రపు దళానిది ఎతాందార్. నోరు జారి ద్రపో అన్న రౌతు ఆ పూట మెస్‌లో అందరికీ వైన్ పోయించాల్సిందే. డ్రాగూన్ల ఇంట్లో పెరిగిన పసిపిల్ల కూడా ఆ మాట అనదు.

తలుపు దగ్గర తోలుకోట్ల జర్మన్ పోలీసులు ఇద్దరు నిలబడ్డారు. ప్లాట్‌ఫాం మీద మూడోవాడు. రైలు కదలడానికి ఒక్క నిమిషమే ఉంది. అయిపోయింది అనుకున్నాడు ఫాబ్రెగ్. చావంటే అంత భయం లేదు. చచ్చాక చొక్కా విప్పుతారన్నదే అతని భయం.

సూట్‌కేస్ బల్ల మీదికి తోశాడు. "తీసుకోండి. మోసి మోసి నా ప్రాణం విసిగిపోయింది."

మూత తెరవగానే బంగారు జరీ తళుక్కుమంది. తేడా తెలియని ఓదిల్ గెలిచానన్నట్టు చెయ్యెత్తింది. ఆ ఘనతలో తమకూ వాటా కావాలని ముగ్గురూ బల్ల మీద పడ్డారు.

ఫాబ్రెగ్ వంటగదిలోంచి దూరి కదిలే రైలు వెంట పరుగెత్తాడు. తూటా పక్కనే కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. చేతికి కడ్డీ అందింది.

సాయంత్రానికి అడవి చేరాడు. చొక్కా విప్పి పట్టుగుడ్డ చేతికివ్వగానే నలభై ఒక్కమందీ నిటారుగా నిలబడ్డారు. కొందరు ఏడ్చేశారు. ముసలి సార్జెంటు బుయిసూ అంచును ముద్దుపెట్టుకోబోయి ముక్కు ఎగబీల్చాడు.

"మనకు మిగిలిన గుర్రం ఒక్కటీ లేదు కెప్టెన్. ఎతాందార్ మాత్రం ఇంకా గుర్రం వాసనే కొడుతోంది."

"గుర్రం కాదయ్యా," అన్నాడు ఫాబ్రెగ్, "నేనే."