తట్టి చూడని బుడిపె

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. చెప్పులు విప్పాలో వద్దో తేల్చుకోలేక, ఒకటి విప్పి రెండోది కాలికే ఉంచుకుంది. చేతిలో గుడ్డసంచీ ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"లోపలికి రామ్మా. చెప్పుల సంగతి మా మాస్టారు చూసుకుంటారు," అంది డిటెక్టివ్.

మాస్టారంటే ఆవిడ అసిస్టెంటు. స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక ఇంట్లో తోచక, పోయిన గొడుగు వెతికిపెట్టమని ఒకసారి ఈ ఆఫీసు మెట్లెక్కాడు. కుర్చీలోంచి లేవకుండానే గొడుగు ఎక్కడుందో ఆవిడ చెప్పేసరికి ముగ్ధుడైపోయి, ఇంక దిగలేదు. ఆవిడ యాభై దాటిన మనిషి. గొంతు పెంచదు, ఎదుటివాళ్ళ మాటకు అడ్డు రాదు. "మేడమ్ ఊరికే వింటేనే దొంగకి చెమటలు పడతాయి," అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాడు మాస్టారు.

వచ్చినామె మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"నేను దొంగని కాదని చెప్పాలి మేడమ్. మా అత్తయ్యకి చెప్తే చాలు. ఇంకెవరేమనుకున్నా ఫరవాలేదు."

"ఏం పోయింది?"

"బుడిపె."

మాస్టారు అర్థంకానట్టు చూశాడు. ఆమె విడమరిచి చెప్పింది. చెట్టుకి దెబ్బ తగిలిన చోట ఒక్కోసారి కంతిలాగా బుడిపె పెరుగుతుంది. పైకి చూస్తే వికారం. కోస్తే లోపల చెక్క సుడులు తిరిగి ఉంటుంది. గిన్నెలు, పెట్టెలు, వీణలు చేసేవాళ్ళు దానికోసం పడి చస్తారు. అయితే కోసేదాకా లోపలేముందో తెలియదు. పైనుంచే విలువ కట్టగలిగినవాడే ఆ వ్యాపారంలో పెద్ద. ఆమె మామగారు అలాంటి మనిషి. వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, ఇది ఇంత అని చెప్పేస్తాడు. ఆయన తట్టకుండా కొన్న బుడిపె లేదు, అమ్మిన బుడిపె లేదు.

"గాలివానకి ఒరిగిన చెట్టు మీద పెద్ద బుడిపె కనిపించింది మామయ్యకి. నిచ్చెనేసుకుని తట్టి, 'లోపల బంగారంరా' అన్నారు మా ఆయనతో. ఆయన ఎక్కి కోశారు. అది ఊడొచ్చేటప్పుడు కొమ్మ కూడా ఊడొచ్చింది." ఆమె సంచీని ఒళ్ళోకి లాక్కుంది. "ఒకే లారీలో ఇద్దరూ ఇంటికొచ్చారు. బుడిపెని షెడ్డులో దించారు, ఆయన్ని వరండాలో."

మాస్టారు కిటికీ వైపు తిరిగాడు.

"ఆ బుడిపెని ఎవరూ కొయ్యలేదు. పగుళ్ళు రాకుండా కోత మొహానికి మిల్లు వాళ్ళే మైనం పూశారు. షెడ్డు మూల పలక మీద ఉండేది. ఇప్పుడు మామయ్యకి చేతులు వణుకుతున్నాయి, షాపు మూసేస్తున్నాం. అత్తయ్యే అంది, 'ఎందుకు అలా పడుండటం, ఎవరైనా దాన్ని ఏదో ఒకటి చేస్తే వాడు పడ్డ పాటుకి అర్థం ఉంటుంది' అని. గిన్నెలు చేసే ఒకాయన వచ్చారు. తీసుకెళ్ళేముందు పక్కన కిటికీలా చిన్న ముక్క కోసి లోపల చూస్తానన్నారు. అది మామూలే. అత్తయ్య మాత్రం, 'కొయ్యొద్దు బాబూ, అలాగే తీసుకుపోండి' అంది. ఆయన నవ్వి రంపం పెట్టారు."

ఆమె సంచీలోంచి అరచేయంత చెక్క ముక్క తీసి బల్ల మీద పెట్టింది. డిటెక్టివ్ దాన్ని వాసన చూసింది. వేలితో నొక్కితే చెమ్మ తగిలింది.

"ఏళ్ళ తరబడి ఎండిన చెక్క కాదు. మొన్నమొన్నటి దాకా వేళ్ళున్న చెట్టు ఇది."

"ఔను. ఎవరో పాతది తీసేసి పచ్చిది పెట్టారు. షెడ్డు తాళంచెవి నాది. పగలు నేను మందుల షాపులో పనికెళ్తాను, అప్పుడు వంటింట్లో మేకుకి తగిలిస్తాను. నేను ఎవరికీ ఇవ్వలేదు మేడమ్. మా మరిది అందరి ముందూ అనేశాడు, వదినే అమ్ముకుందని. అత్తయ్య ఒక్క మాటన్నా అడిగితే బాగుండును. అడగదు. నావైపు చూడదు. నేను వడ్డిస్తే కంచంలో చెయ్యి కడిగేసుకుంటుంది."

"ఎప్పటినుంచి?"

"వాళ్ళ చెల్లెలింటికెళ్ళి కొన్నాళ్ళుండి వచ్చిందండి. వచ్చిన మర్నాటినుంచీ 'షెడ్డు ఇంక నేనే ఊడుస్తాను, నువ్వు రావద్దు' అంది. అప్పటినుంచే."

"అంటే బుడిపె కొయ్యకముందే."

ఆమె ఆ సంగతి అప్పుడే గమనించినట్టు తలెత్తింది.

మర్నాడు ఉదయం డిటెక్టివ్, మాస్టారు ఆ షెడ్డుకి వెళ్ళారు. రేకుల కప్పు, నడుమ పట్టీ రంపం, గోడ వారగా ఖాళీ అయిన అరలు. ఒక పొయ్యి మీద మైనం కరిగించే బేసిన్ ఉంది. పైన దూలానికి గొలుసు కప్పీ వేలాడుతోంది. మూల పలక మీద పచ్చి బుడిపె, పక్కన కోసిన కిటికీతో, ఒంటికన్ను తెరిచినట్టుంది.

పెద్దాయన ఒక పొడుగాటి పనిముట్ల పెట్టె మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. ఆడమనిషి ఇంటికొచ్చినా లేవలేదు. నమస్కారం మాత్రం పెట్టాడు.

"మామయ్య మూడు పూటలూ ఇక్కడే," అంది కోడలు నెమ్మదిగా. "అన్నం కూడా ఆ పెట్టె మీదే."

గిన్నెలాయన కూడా వచ్చాడు. చిన్న కొడుకు బండి తాళం వేలికి తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ముందు అడగండి," అన్నాడతను. "తర్వాత భూతద్దం తీద్దురు గాని."

"నీ దగ్గరుంటే ఎక్కడ పెట్టేవాడివి బాబూ?" అంది డిటెక్టివ్.

"ఇతని దగ్గరా?" అని గిన్నెలాయన నవ్వాడు. "షెడ్డుతో సహా పారేసేవాడు."

"మీరేం తక్కువ కాదు సార్. ఏళ్ళుగా దీని చుట్టూ ఈగలా తిరిగారు. మీరే మార్చి ఉండొచ్చు."

"మార్చేవాడినైతే అందరి ముందూ నేనే రంపం ఎందుకు పెడతానయ్యా? నోరు మూసుకుని బండికెక్కించుకుపోయేవాడిని కదా!"

డిటెక్టివ్ మాస్టారి వైపు తిరిగింది. "మాస్టారూ, దాన్ని కాస్త పక్కకి దొర్లించండి."

మాస్టారు చొక్కా చేతులు మడిచాడు. ఊపిరి బిగబట్టాడు. ముఖం కందిపోయింది గాని బుడిపె కదల్లేదు. "పిల్లలచేత గుంజీళ్ళు తీయించాను గాని నేనెప్పుడూ తియ్యలేదు మేడమ్," అన్నాడు నడుం పట్టుకుని.

"పాత బుడిపె కింద ఎలా ఊడ్చేవారమ్మా?" అని కోడల్ని అడిగింది డిటెక్టివ్.

"అత్తయ్య దొర్లించి పట్టుకునేది, నేను ఊడ్చేదాన్ని. ఎండిపోయింది కదండీ, పైకి కనిపించినంత బరువుండేది కాదు."

డిటెక్టివ్ షెడ్డంతా తిరిగింది. రంపం కింద తడి పొట్టు ఉండలు కట్టి ఉంది. వంగి దాన్ని పక్కకి తోసింది. అడుగున వేరే పొట్టు కనిపించింది. పొడిగా, ముదురు ఎరుపుగా ఉంది. అందులో నల్లటి పలుకులు, టీ పొడి పారబోసినట్టు. చిటికెడు తీసి కాగితంలో మడిచింది.

"అమ్మేరోజు పెద్దాయన బుడిపెని తట్టారా?" అంది గిన్నెలాయనతో.

ఆయన నోరు తెరిచి, ఆలోచనలో పడ్డాడు. "అరె... లేదండీ. కూర్చునే ఉన్నారు. కొడుకు తాలూకు వస్తువు కదా, తట్టబుద్ధి కాలేదేమో అనుకున్నాను."

"మీ అత్తగారిని పిలువమ్మా," అంది డిటెక్టివ్. "ఇంక అందరూ ఇక్కడే ఉండండి."

అత్తగారు వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. చేతిలో చీపురు ఉంది, పని మధ్యలోంచి వచ్చినట్టుంది. కోడలి వైపు చూడలేదు.

"ఈ అమ్మాయి తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదంది," అని మొదలుపెట్టింది డిటెక్టివ్. "నిజమే చెప్పింది. బయటివాళ్ళకి ఇవ్వలేదు. ఇంటి యజమాని మేకు మీదున్న తాళంచెవి తీసుకోవడాన్ని ఏ ఇంట్లోనూ ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అత్తగారు చెల్లెలింట్లో ఉన్నారు. కోడలు మందుల షాపులో. మిల్లునుంచి చెక్క రావడం ఈ ఇంటికి కొత్త కాదు. ఇంత పచ్చి బరువుని ఒక్క మనిషి పలక మీదికి ఎక్కించాలంటే ఆ గొలుసు కప్పీ వాడటం తెలిసుండాలి. మైనం కాచి, మీద దుమ్ము పులిమి పాతదానిలా చెయ్యడం తెలిసుండాలి. అన్నిటికంటే ముఖ్యం, తట్టకుండా ఏ చెక్కా అమ్మని మనిషి దీన్ని తట్టలేదు. ఎందుకంటే లోపలేముందో ఆయనకి ముందే తెలుసు."

చిన్న కొడుకు వేలి మీద తాళం ఆగిపోయింది. "నాన్నా?"

"పెద్దాయనా, కాస్త లేవండి," అంది డిటెక్టివ్ మెల్లగా.

ఆయన లేవలేదు. మాస్టారు వెళ్ళి చెయ్యి అందించాడు. చాలాసేపటికి ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. గోనెపట్టా తీసి మూత ఎత్తితే, పెట్టెలో రెండు చెక్కలుగా కోసిన పాత బుడిపె ఉంది. లోపల బోలు. నల్లగా, పుచ్చిపోయి, చేత్తో తాకితే రాలేలా ఉంది. బయటి పెంకు మాత్రం వేలిమందాన నిలిచి ఉంది.

చిన్న కొడుకు బండి తాళం జేబులో వేసుకున్నాడు.

"పరాయివాడు చూసేముందు నేను చూసుకుందామనుకున్నా," అన్నాడు పెద్దాయన. "వాడు తెచ్చినదేంటో ముందు నేను చూడాలనిపించింది. రంపం సగం దిగేసరికే తెలిసిపోయింది. పుచ్చు. చెట్టు మీద తట్టినప్పుడు నా చెవి అబద్ధం చెప్పింది. నా మాట నమ్మి ఎక్కాడు వాడు. దీనికోసం..." భార్య వైపు చూడబోయి, చూడలేకపోయాడు. "ఈవిడకి ఎలా చెప్పను? బంగారంకోసం పోయాడంటేనే తట్టుకోలేకపోయింది. పుచ్చుకోసం పోయాడని ఎలా చెప్పను? కొయ్యకుండా తీసుకుపోతాడేమో అనుకున్నా. ఈయనకి తర్వాత ఎలాగో సర్దిచెప్పేవాణ్ణి."

"మరి నేను?" అంది కోడలు.

ఆయన తల వంచుకున్నాడు. "రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే..."

"మరిది నన్ను అంటుంటే విన్నారు కదా మామయ్యా. ఇక్కడే, ఈ పెట్టె మీదే కూర్చుని విన్నారు. ఆ రోజు మీ చెవి బాగానే పనిచేసింది కదా."

పెద్దాయన గోనెపట్టా మడతపెట్టసాగాడు. చిన్న కొడుకు "వదినా" అని ఏదో అనబోతే, ఆమె చెయ్యెత్తి ఆపేసింది.

"ఇంకో మాట ఉంది," అంది డిటెక్టివ్, అత్తగారి వైపు తిరిగి. "బుడిపె మారిందని మీకు అందరికంటే ముందే తెలుసు. ఊరినుంచి వచ్చి ఊడవబోతే అది దొర్లలేదు. అందుకే కోడల్ని షెడ్డులోకి రావద్దన్నారు. కొయ్యొద్దని బతిమాలారు. అయినా ఎవరితోనూ అనలేదు."

ముసలావిడ చీపురు పుల్లలు సర్దుతూ ఉండిపోయింది. తర్వాత, చాలా రోజుల తర్వాత, కోడలి ముఖంలోకి చూసింది.

"నువ్వే అమ్మావనుకున్నానే," అంది. "వెళ్ళిపోదామని అమ్ముకున్నావనుకున్నా. ఇంకెక్కడన్నా బతుకుదామని. వెళ్ళనీలే అనుకున్నా. ఎన్నాళ్ళని మా మొహాలు చూస్తూ కూచుంటావు? అడిగితే నువ్వు ఆగిపోతావు. నీకా గుణం ఉంది. అందుకే అడగలేదు. నీ వైపు చూస్తే ఏడుపొచ్చేస్తుందని చూడలేదు. వడ్డిస్తుంటే, ఇంకెన్ని రోజులు వడ్డిస్తుందో అనిపించి ముద్ద దిగేది కాదు."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాస్టారు జేబురుమాలు కోసం వెతుక్కున్నాడు. డిటెక్టివ్ ఎప్పుడూ లేనిది, తలుపు వైపు తిరిగి నిలబడింది.

అత్తగారు పెట్టె దగ్గరికి నడిచింది. బోలులోకి చెయ్యి పెట్టింది. నల్ల పొడి వేళ్ళకి అంటుకుంది.

"కోసేటప్పుడు వాడికి తెలిసుంటుందా?" అని అడిగింది, ప్రత్యేకించి ఎవరినీ కాదు. "పుచ్చిపోయిందని తెలిసే కోశాడా?"

గిన్నెలాయన ముందుకొచ్చాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి, చెట్టునుంచి వేరుచేసిన కోత మొహం వైపు వంగాడు. మిల్లు వాళ్ళు పూసిన పాత మైనం పసుపు పచ్చగా గట్టిపడి ఉంది. ఆయన దాన్ని జాగ్రత్తగా గీకాడు. పొరలు పొరలుగా ఊడొచ్చింది. చొక్కా అంచుతో తుడిచాడు.

అక్కడ చెక్క గట్టిగా ఉంది. ముదురు ఎరుపులో సుడులు, సుడుల మధ్య చిన్న చిన్న కళ్ళు. రాయి పడ్డ నీళ్ళు అలాగే గడ్డకట్టినట్టు.

"వాడి రంపం వెళ్ళింది ఇక్కడినుంచమ్మా," అన్నాడాయన. "వాడు చూసింది ఇదే. ఇంతకన్నా లోపలికి చూడలేదు."

ముసలావిడ ఆ సుడుల మీద చెయ్యి వేసింది.

"అయితే మూసెయ్యండి," అంది.

పచ్చి బుడిపెని గొలుసు కప్పీకి తగిలించి మాస్టారూ, గిన్నెలాయనా, చిన్న కొడుకూ కలిసి పలక మీంచి దించారు. పాతదాని రెండు చెక్కలూ దగ్గరికి చేర్చి తాడుతో కట్టారు. పెద్దాయన సాయం చెయ్యడానికి ముందుకొచ్చి, వేలి కణుపు దానికి తగలబోయేసరికి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఎవరూ ఆయన్ని రమ్మనలేదు. పొమ్మనలేదు.

అత్తగారు చీపురు కోడలి చేతిలో పెట్టింది.

"పలక మీద దుమ్ముంది. నువ్వు ఊడువు, నేను పట్టుకుంటా."

కోడలు ఊడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ రెండు వైపులా వంగి, బుడిపెని దాని పాత చోటికి దొర్లించారు. అది చాలా తేలిగ్గా దొర్లింది.