పట్టీ పొడవంత దూరం

"ఇది జిగురా, జావా?" అని అడిగింది థెక్లా.

అడిగి, రెండు బొచ్చు పట్టీల్నీ నా పనిబల్ల మీద పడేసింది. స్కీల అడుగున అంటించుకుని మంచుకొండ ఎక్కే పట్టీలవి. ఒక పక్క బొచ్చు, వెనక్కి జారకుండా పట్టుకుంటుంది. రెండో పక్క జిగురు, స్కీని వదలకుండా ఉంటుంది. ఆ రెండో పక్క బాధ్యత నాది. వరసగా రెండు శనివారాలు అవి కొండ మధ్యలో ఊడిపోయాయి.

చలి ఎక్కువై ఉంటుందన్నాను.

"నాతోపాటు పదకొండుమంది ఎక్కారు రోమెడ్. వాళ్లకీ అదే చలి."

నేను బల్ల మీది సుత్తి పక్కకి జరిపాను.

థెక్లా మా లోయలో అందరికంటే పొడుగు అమ్మాయి. మా ఊరి క్లినిక్‌లో ఫిజియోథెరపీ చేస్తుంది. సెప్టెంబర్లో మా నాన్నకి తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆయన కాలు ఆమె చేతుల్లోనే ఉంది. ఆయన్ని చూడడానికి వచ్చినప్పుడల్లా వర్క్‌షాప్ గుమ్మంలో వంగి లోపలికి వచ్చేది. వంగిన ప్రతిసారీ ఒక జుట్టుపాయ ముందుకు పడేది. అక్టోబర్ నుంచి నా పని అంతంతమాత్రంగా సాగడానికి ఆ పాయే కారణం.

ఆమెకి కావలసింది మాత్రం ఆ క్లినిక్ కాదు. కొండ గైడ్ కావాలి. ఆ ఏడాది మా లోయ గైడ్ల బృందం ఒక్కరిని తీసుకుంటోంది. మూడు శనివారాలు, మూడుసార్లు కొండెక్కడం. రెండు అయిపోయాయి. రెండోసారి పట్టీ ఊడినప్పుడు గైడ్ల పెద్ద అందరిముందూ అన్నాడట, పట్టీ చూసుకోలేని మనిషి పదిమందిని ఏం చూసుకుంటుందని.

"ఈ శనివారం ఊడితే నా పేరు కొట్టేస్తారు," అంది. "మళ్లీ అడిగే అవకాశం ఉండదు."

కొత్త పట్టీలు కొనుక్కోమందామంటే, అంత పొడవు, అంత వెడల్పు ఉన్నవి ఫిబ్రవరిలో ఇన్స్‌బ్రుక్ పట్నంలో కూడా దొరకవు. తెప్పించాలంటే వారం. ఆ రోజు బుధవారం.

మొదటిసారి ఊడినప్పుడు చూడకుండానే పైపైన ఇంకో పూత వేసి ఇచ్చేశాను. ఈసారి పట్టీని దీపం కిందికి లాగాను. చూడగానే నా చెయ్యి ఆగిపోయింది.

జిగురు నడిమధ్యన తల నుంచి తోక దాకా ఒక మసక చార. దాని మీద వేలు పెడితే జారుతోంది. మైనం. ఆ చారకి రెండు పక్కలా వేలెడేసి వెడల్పున మట్టి, స్ప్రూస్ చెట్ల సూదుల్లాంటి ఆకులు. థెక్లా స్కీలు వెడల్పైనవి, పట్టీ అంచు దాకా స్కీ ఉంటుంది. మట్టి అంటుకునే సందే లేదు. అంటే ఈ పట్టీలు ఇంకేవో స్కీల మీద కొండెక్కాయి. సన్నటి స్కీల మీద. స్కీ పట్టనిచోట అంచులు బయటికి వేలాడి చెత్తంతా అంటించుకున్నాయి.

మా లోయలో సన్నటి స్కీలు అనగానే గుర్తొచ్చేది ఎగోన్. రేసుల్లో పరిగెడతాడు. పళ్లు బాగుంటాయి. పోయిన ఆదివారం వాడూ థెక్లా కాఫీ షాపు కిటికీ పక్కన రెండు గంటలు కూర్చున్నారని మా అమ్మ చెప్పింది.

అక్కడితో నా బుర్ర పనిచేయడం మానేసింది.

"ఇవి ఎవరికిస్తున్నావు?" అన్నాను.

"ఏంటి?"

"నీ పట్టీలు వేరేవాళ్ల స్కీల మీద ఎక్కాయి. ఎగోన్ స్కీలు సన్నగానే ఉంటాయి కదా."

థెక్లా నన్ను చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. అర్థంకాని భాషలో మాట్లాడేవాణ్ణి చూసినట్టు చూసింది.

"నా పట్టీలు ఎవరూ ముట్టుకోరు, నువ్వు తప్ప," అంది నెమ్మదిగా. "జిగురు వేయడం చేతకాక, దానికి నాకొక మొగుణ్ణి కూడా అంటిస్తున్నావా?"

శుక్రవారం సాయంత్రం ఆరింటికి వస్తానని చెప్పి, గుమ్మంలో వంగకుండానే వెళ్లబోయింది. నుదురు ఠక్కుమంది. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను కసిగా పని మొదలుపెట్టాను. పాత జిగురు మీద గోధుమరంగు కాగితం పరిచి ఇస్త్రీ పెట్టె నడిపాను. కాగితం వేడిగా ఉండగానే ఒక్క లాగు లాగితే పాత జిగురు దానితోపాటు వచ్చేస్తుంది. మిగిలింది గీకాను. కొత్త జిగురు పల్చగా ఒక పూత, ఆరాక ఇంకో పూత. లోయలో ఎవరూ వంక పెట్టలేని పని. ఆ పూతల మధ్య ఎగోన్ పళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

గురువారం పొద్దున బేకరీ ముందు ఆ పళ్లే ఎదురయ్యాయి. స్కీలు గోడకి ఆనించి రొట్టె తింటున్నాడు ఎగోన్. నేను వాణ్ణి చూడలేదు, స్కీల్ని చూశాను. అవి వాడి ముక్కు దాకా కూడా లేవు. రేసు స్కీలు పొట్టివి. థెక్లావి ఆమె నెత్తి దాకా వస్తాయి. ఆమె పట్టీ వీటికి తొడిగితే వెనక జానెడు తోక వేలాడుతుంది, కొక్కెం పట్టదు. పదేళ్లుగా పట్టీలు కోస్తున్నవాణ్ణి. వెడల్పు చూశాను, పొడవు చూడడం మర్చిపోయాను.

"ఏంట్రా అలా చూస్తున్నావు, కొంటావా?" అన్నాడు ఎగోన్.

ఏమీ తోచక, థెక్లాతో కాఫీ బాగుందా అని అడిగాను.

వాడు నవ్వాడు. "బిల్లు ఆమే కట్టింది కాబట్టి బాగుంది. రెండు గంటలు నీ గురించే. రోమెడ్ ఎవరితోనైనా తిరుగుతున్నాడా, ఎందుకు నాతో మాట్లాడేటప్పుడు బల్లకేసి చూస్తాడు అని. బల్లంటే వాడికి ప్రాణం అని చెప్పాను."

రొట్టె కొనకుండానే ఇంటికి వచ్చేశాను. సంతోషించాలో తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు. ఎగోన్ కాదు. ఆమె అబద్ధం చెప్పలేదు. నేను ముట్టుకోలేదు. మరి ఎక్కింది ఎవరు?

శుక్రవారం పొద్దున పట్టీల్ని మడిచి, థెక్లా పేరు రాసిన చీటీ కట్టి, అరలో పెట్టాను. ప్రతి శుక్రవారంలాగే తొమ్మిదింటికి అద్దె స్కీలు వ్యాన్‌లో వేసుకుని హోటల్‌కి బయల్దేరాను. వంతెన దగ్గరికి వచ్చేసరికి కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

రెండుసార్లూ ఆమె పట్టీలు తీసుకెళ్లింది శుక్రవారం సాయంత్రమే. రెండుసార్లూ ఆ పొద్దున నేను షాపులో లేను.

వ్యాన్ వెనక్కి తిప్పాను. అర ఖాళీగా ఉంది. చీటీ మాత్రం బల్ల మీద ఉంది, ఎగిరిపోకుండా దాని మీద సుత్తి పెట్టి ఉంది. జాగ్రత్తగల దొంగ.

పెరటి తలుపు తీస్తే, కొత్త మంచులో రెండు సన్నటి గీతలు అడవిలోకి ఎక్కుతున్నాయి. పక్కన కర్రల గుంటలు. కుడివైపువి లోతుగా, ఎడమవైపువి పైపైన. కుడికాలు కాచుకుంటూ నడిచే మనిషి. నా స్కీలు తొడుక్కుని వెంటపడ్డాను. మంచు మెత్తగా ఉంది. అరగంట ఎక్కాక చెట్లు అయిపోయాయి. అంచున ఉన్న బెంచీ మీద ఒకాయన కూర్చుని, రై రొట్టె మీద పొగబెట్టిన మాంసం కోసుకుంటున్నాడు.

మా నాన్న వెండెలిన్. కొత్త తుంటి వేసుకున్న, ఈస్టర్ దాకా స్కీ ముట్టకూడదని థెక్లా ఆంక్ష పెట్టిన మా నాన్న.

ఆయన నన్ను చూసి కత్తి పక్కన పెట్టాడు. "అమ్మకి చెప్పకు," అన్నాడు.

ఎందుకిలా చేశావని అడిగాను. ఆయన కథ చిన్నదే. ఆపరేషన్ కాగానే అమ్మ ఆయన పట్టీల్ని చర్చి సంతకి ఇచ్చేసింది. స్కీలు మాత్రం అటక మీద ఉండిపోయాయి. రెండు వారాల క్రితం మా అరలో ఆయన స్కీల పొడవుకి సరిపోయే పట్టీలు మొదటిసారి కనిపించాయి. ప్రతిసారీ సూదులు ఏరి, తుడిచి, మడిచి పెట్టేవాణ్ణన్నాడు. కంటికి ఆనని సూదుల మాట ఆయనకి తెలియదు. అవి గైడ్ పరీక్షకి వెళ్తున్నాయని కూడా తెలియదు.

"జిగురు బాగా వేశావురా," అన్నాడు. "నిటారుగా ఉన్నచోట కూడా కదల్లేదు."

పదేళ్లలో ఆయన నా పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక, ఆయన స్కీ మీంచి పట్టీ ఊడదీసి జిగురు వైపు ఆయన ముందు పెట్టాను. మధ్యలో మసక చార.

నాన్న తన స్కీలకి సొంత మైనం వాడతాడు. తేనెమైనం, ఇంకా ఎవరికీ చెప్పని రెండు దినుసులు. అది జిగురుకి హాని చేయదని నలభై ఏళ్లుగా లోయ మొత్తంతో వాదించి గెలిచాడు. ఇప్పుడు ఆ చార మీద బొటనవేలు రాశాడు. మళ్లీ రాశాడు. ఆయన ముఖం చూడలేక నేను కిందికి, ఊరివైపు చూశాను.

"ఆ పిల్ల పరీక్ష ఎప్పుడు?" అన్నాడు.

"రేపు పొద్దున."

డబ్బా జిగురు రెండు పూతలు ఆరాలంటే ఒకటిన్నర రోజు పడుతుంది.

ఆరింటికి థెక్లా వచ్చింది. ఈసారి వంగింది. నేను పట్టీలు దాచలేదు, కథ తగ్గించలేదు. మొత్తం చెప్పాను. చెబుతుండగా నాన్న వెనక గదిలోంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

అంతా విని, ఆమె నాన్నని ఒంటికాలి మీద నిలబడమంది. నిలబడ్డాడు. ఇరవై లెక్కపెట్టింది. ఆయన ఊగలేదు.

"ఇంత వేగంగా బాగుపడే తుంటి నేను చూడలేదని క్లినిక్‌లో అందరికీ చెప్పుకున్నాను వెండెలిన్ గారూ. నా పట్టీల మీద బాగుపడుతోందని తెలియలేదు."

ఆయన తల దించుకుని అరలోంచి ఒక రోల్ తీశాడు. కాగితానికి అంటించి వచ్చే జిగురు. ఇస్త్రీ చేస్తే పట్టీకి అతుక్కుంటుంది, గంటలో చల్లారి పనికొస్తుంది. అది చేతకానివాళ్ల పని అని నాకు నేర్పింది ఆయనే. "మా ఇద్దరి గర్వం కంటే ఇది నయం," అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

నేను ఇస్త్రీ పెట్టె అందుకోబోయాను. థెక్లా ముందే తీసుకుంది. తన పట్టీ తనే చేసుకుంటానంది. రేపు గైడ్ల పెద్ద అడిగితే ఇంకొకరి పేరు చెప్పదలచుకోలేదట.

పాత జిగురు ఇద్దరం లాగేశాం. తర్వాత పట్టీ బిగుతుగా ఉండడానికి నేను ఒక కొస పట్టుకున్నాను, ఆమె రెండో కొస నుంచి మొదలుపెట్టింది. మా మధ్య దూరం సరిగ్గా పట్టీ పొడవు.

"అర్థం కానిది ఒకటుంది," అంది తల ఎత్తకుండా. "జిగురులో చెట్టు సూది దాకా చదివావు. పొడవు ఎలా మర్చిపోయావు?"

"చెబితే తిడతావు."

"ఎలాగూ తిడతాను."

ఇస్త్రీ పెట్టె జానెడు ముందుకి వచ్చింది.

"ఎగోన్ అనుకోగానే ఇంకేం కనబడలేదు," అన్నాను. "వాడి పళ్లు తప్ప."

ఆమె భుజాలు కదిలాయి. నవ్వో, శ్రమో తెలియలేదు. ఇంకో రెండు జానలు దగ్గరికి వచ్చింది. ఆ జుట్టుపాయ ముందుకు పడింది.

"వాడి పళ్లతో నీకేం పని?"

బల్లకేసి చూశాను. వెంటనే, అలా చూడకూడదని గుర్తొచ్చి తల ఎత్తాను. "అక్టోబర్ నుంచి నువ్వంటే ఇష్టం," అన్నాను. "బుధవారం అన్న మాట తప్పు. అది జిగురు మాట కాదు, ఈర్ష్య మాట."

ఇస్త్రీ పెట్టె ఆగింది.

"ఆపకు, కాలుతుంది," అన్నాను.

ఆమె కదిలింది. చివరి జాన కూడా అయిపోయింది. పెట్టె నా వేళ్ల ముందు నిలిచింది, ఆమె ముఖం నా ముఖానికి అంతే దూరంలో ఉంది.

"ఇంకో పట్టీ ఉంది," అంది. నేను అన్నదానికి అది జవాబో కాదో రెండో పట్టీ పూర్తయ్యేదాకా, ఆమె వెళ్లిపోయేదాకా, ఆ రాత్రంతా కూడా నాకు తేలలేదు.

శనివారం పదింటికి నాన్నా నేనూ మేడ మీద బైనాక్యులర్స్ లాక్కుంటున్నాం. ఎదుటి కొండ ఏటవాలు మీద పన్నెండు చుక్కలు. మూడో చుక్క ఎరుపు, అది థెక్లా. అన్నిటికంటే నిటారైన చోట ఎరుపు చుక్క ఆగిపోయింది.

మిగతావి దాన్ని దాటి వెళ్లాయి. ఒక నిమిషం. రెండు. నాన్న నా చేతిలోంచి బైనాక్యులర్స్ తీసుకోవడం మానేశాడు.

"మైనం మొత్తం వచ్చిందా?" అన్నాడు చిన్న గొంతుతో.

వచ్చిందని నాకు తెలుసు. తల ఊపాను. అయిదు నిమిషాలకి ఎరుపు చుక్క కదిలింది. దానివెంట ఇంకో చుక్క కూడా కదిలింది. రెండూ అందరికంటే ఆఖర్న శిఖరం చేరాయి. ఆఖర్న. ఏమీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి ఆమె వచ్చింది. వర్క్‌షాప్ వైపు కాదు, ఇంటి తలుపు తట్టింది. మేం చీజ్ ఉండల సూప్ ముందు కూర్చుని ఉన్నాం. భుజాన తడి పట్టీలు వేసుకుని వంగి వంటింట్లోకి వచ్చి, నిలబడే చెప్పింది. ఊడింది తనది కాదు, వెనక వస్తున్న లీన్జ్ ఊరి కుర్రాడిది. అతని పట్టీల్ని తన కోటు లోపల పెట్టుకుని ఒంటివేడికి జిగురు మెత్తబడేదాకా ఆగింది. అతని స్కీల మంచు మోచేత్తో తుడిచి అంటించింది. పైకి వెళ్లాక గైడ్ల పెద్ద, నీ పట్టీలకి జిగురు ఎవరు వేశారని అడిగాడు. నేనే అంది. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు.

నాన్న లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నేను చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాను.

థెక్లా చుట్టూ చూసి, మా వంటింటి తీగ దగ్గరికి వెళ్లింది. మేం ముగ్గురం తడిబట్టలు ఆరేసుకునే తీగ అది. పట్టీలు తెచ్చినవాళ్లెవరూ ఈ గదిలోకి రారు. తన పట్టీల్ని నా పట్టీల పక్కన వేలాడదీసింది. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఆమెని, తీగని, నన్ను వరసగా చూసింది. గరిటె పక్కన పెట్టి వచ్చి, నాన్న సాక్సులు ఒక పక్కకి జరిపి చోటు చేసింది.

"పొయ్యికి అంత దగ్గర వద్దమ్మాయ్, జిగురు పాడవుతుంది," అంది. "ఇకనుంచి ఇటు పక్క వేసుకో."

నాలుగో గిన్నె వచ్చింది. థెక్లా నా పక్కన కూర్చుంది. నేను ఆమె వైపు వంగి, నిన్న అన్నదానికి జవాబు ఎప్పుడు చెబుతావని గుసగుసగా అడిగాను.

నాన్న దగ్గాడు. అమ్మ నవ్వు ఆపుకుంటూ సూప్ పోసింది.

"ఇతనికి అన్నీ ఇంత ఆలస్యంగానే అర్థమవుతాయా?" అని థెక్లా మా అమ్మని అడిగింది.

"అలవాటు చేసుకో," అంది అమ్మ.